అరవై గీతకు అటూ ఇటూ

ఇంజనీరింగ్ కాలేజీలో నాలుగో ఏడాది మొదలయ్యే వేళకు ప్లేస్‌మెంట్ సెల్‌లో ఒక ఎక్సెల్ షీటు సిద్ధమవుతుంది. హాల్‌టికెట్ నంబరు, పేరు, బ్రాంచి, పదో తరగతి శాతం, ఇంటర్ లేదా డిప్లొమా శాతం, బీటెక్‌లో 3-2 (మూడో ఏడాది రెండో సెమిస్టర్) వరకు వచ్చిన శాతం, బ్యాక్‌లాగులు, ఫోన్ నంబరు. కాస్త పెద్ద కాలేజీ అయితే ఏడెనిమిది వందల వరుసలుంటాయి. ఒకరోజు పొద్దున్నే ఏదో కంపెనీ నుంచి మెయిల్ వస్తుంది. పది, ఇంటర్, బీటెక్ మూడింటిలోనూ 60 శాతం ఉండాలి, బ్యాక్‌లాగులు ఉండకూడదు అని అందులో ఉంటుంది. ప్లేస్‌మెంట్ ఆఫీసరు శాతం కాలమ్ నెత్తిన ఉన్న చిన్న బాణం గుర్తు నొక్కుతాడు. 60కి దిగువన ఉన్న వరుసలన్నీ మాయమైపోతాయి. మిగిలినవాళ్ల జాబితా మధ్యాహ్నం భోజనాల వేళకల్లా వాట్సాప్ గ్రూపులో పడుతుంది.

59.6 ఉన్న పిల్లాడి పేరు ఆ జాబితాలో ఉండదు. వాడు ప్రోగ్రాములు బాగా రాస్తాడా, నలుగురిలో మాట్లాడగలడా, ఇంట్లో పరిస్థితి ఏమిటి అన్నవి ఆ షీటులో కాలమ్‌లు కావు. 60.1 ఉన్న అమ్మాయి పేరు మాత్రం ఉంటుంది. ఇద్దరికీ తేడా ఎక్కడొచ్చిందా అని వెనక్కి వెళ్లి చూస్తే, ఎప్పుడో రెండో ఏడాదిలో రెండు పేపర్లలో ఒక్కో గ్రేడు దగ్గర తేలుతుంది.

కాలేజీ మార్కులకు ఉద్యోగాల్లో విలువ ఎంత అని అడిగితే మన దగ్గర రెండు జవాబులు తయారుగా ఉంటాయి. మార్కులే జీవితం అన్నది ఇంట్లో జవాబు. మార్కులెవడు చూస్తాడు, స్కిల్స్ ఉంటే చాలన్నది యూట్యూబ్‌లో జవాబు. రెండూ సగం సగమే నిజం. మార్కుల విలువ అన్నిచోట్లా ఒకేలా పరుచుకుని ఉండదు. కొన్ని గడపల దగ్గర వాటిదే రాజ్యం, ఆ గడప దాటిన మరుక్షణం అవి చిత్తు కాగితాలు. ఏ గడప ఎక్కడుందో ముందే తెలిసినవాడికి ఒక తీరుగా, తెలియనివాడికి మరో తీరుగా జరిగిపోతుంది.

ముందుగా తెలుగు పిల్లలు ఎక్కువగా వెళ్లే గడప సంగతి చూద్దాం. టీసీఎస్ కొత్తవాళ్ల కోసం పెట్టే నేషనల్ క్వాలిఫయర్ టెస్టుకు ఇటీవలి సంవత్సరాల్లో అడుగుతున్న అర్హత ఇది: పదిలో, ఇంటర్‌లో, డిగ్రీలో 60 శాతం లేదా 6 సీజీపీఏ (పదికి లెక్కగట్టే గ్రేడ్ల సగటు). పరీక్ష రాసే నాటికి ఒక బ్యాక్‌లాగ్ ఉంటే సర్దుకుంటారు, రెండుంటే కుదరదు. విప్రో నిబంధనలూ ఇంచుమించు ఇంతే. ఈ గీత దాటాక జరిగేది గమనించాలి. 62 శాతం పిల్లాడూ, 92 శాతం పిల్లా ఒకే హాల్లో ఒకే పరీక్ష రాస్తారు. ఏడాదికి 3.36 లక్షల నింజా ఉద్యోగమా, 7 లక్షల డిజిటల్ ఉద్యోగమా అన్నది ఆ పరీక్షా, ఆ తర్వాతి ఇంటర్వ్యూలే తేలుస్తాయి. కాలేజీలో ఎన్ని గోల్డ్ మెడల్స్ వచ్చాయన్నది అక్కడ లెక్కకు రాదు. అంటే 58కీ 60కీ మధ్య ఒక ఉద్యోగమంత దూరం ఉంది, 62కీ 92కీ మధ్య దాదాపు ఏమీ లేదు. నాలుగేళ్లూ రాత్రిళ్లు కూర్చుని 62ను 92 చేసుకున్న పిల్లలకు ఈ ముక్క వినడానికి కష్టంగానే ఉంటుంది.

ప్రొడక్ట్ కంపెనీలైతే గీతను ఇంకాస్త పైకి జరిపి 7 అనో, 7.5 అనో, ఒక్కోసారి 8 అనో అంటాయి. గీత ఎత్తు మారింది గానీ పద్ధతి అదే.

ఇంతకీ ఈ గీత ఎందుకు గీస్తారు? పని ఒత్తిడి ఒక కారణం. 2021-22 ఆర్థిక సంవత్సరంలో టీసీఎస్ ఒక్కటే లక్ష మంది కొత్తవాళ్లను చేర్చుకుంది, ఇన్ఫోసిస్ 85 వేల మందిని తీసుకుంది. లక్ష మందిని తీసుకోవాలంటే ఎన్ని లక్షల దరఖాస్తులు వడకట్టాలో ఊహించుకోవచ్చు. అందరినీ కూర్చోబెట్టి మాట్లాడటం ఏ కంపెనీ వల్లా కాదు. జల్లెడ కావాలి, అదీ ఖర్చులేని జల్లెడ. మార్కులు అప్పటికే ఎవరో లెక్కగట్టి, ముద్రవేసి ఇచ్చినవి కాబట్టి వాటిని మించిన చవక సరుకు దొరకదు.

దీని వెనక ఒక ఆర్థిక సిద్ధాంతమూ ఉంది. మైకేల్ స్పెన్స్ అనే అమెరికన్ ఆర్థికవేత్త 1973లో ఒక వ్యాసం రాశాడు. యజమానికి ఎదురుగా ఉన్న మనిషి ఎంత సమర్థుడో తెలియదు, పనిలోకి తీసుకున్నాక గానీ తెలియదు. అందుకని సమర్థులకు సులువుగా, తక్కినవాళ్లకు కష్టంగా దొరికే ఏదో ఒక గుర్తు మీద ఆధారపడతాడు. చదువు అలాంటి గుర్తు. ఆ చదువులో నేర్చుకున్నది పనికి వస్తుందా రాదా అన్నది వేరే సంగతి, అది సంపాదించుకోగలిగాడన్నదే కబురు. ఈ పనికే స్పెన్స్‌కు 2001లో మరో ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. మెకానికల్ చదివినవాడిని సాఫ్ట్‌వేర్ కంపెనీ థర్మోడైనమిక్స్ మార్కులు చూసి పిలవడం వింతగా కనిపిస్తుంది గానీ, స్పెన్స్ కళ్లతో చూస్తే వింతేమీ లేదు. కంపెనీకి థర్మోడైనమిక్స్ అక్కర్లేదు. ఇష్టం లేని సబ్జెక్టునైనా కూర్చుని చదివి గట్టెక్కాడా లేదా అన్నదే దానికి కావాలి.

ఈ జల్లెడకు ఉన్న అసలు చిక్కు సీజీపీఏ దగ్గర బయటపడుతుంది.

ఒక విద్యార్థికి సరిగ్గా 6.5 సీజీపీఏ వచ్చిందనుకుందాం. అతని శాతం ఎంత? జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్18 నిబంధనల ప్రకారం సీజీపీఏలోంచి 0.5 తీసేసి 10తో గుణించాలి. సరిగ్గా 60 వస్తుంది, ఫస్ట్ క్లాస్. ఏఐసీటీఈ పట్టిక ప్రకారం 0.75 తీసేయాలి, అప్పుడు 57.5. సీబీఎస్ఈ పదో తరగతికి వాడిన పద్ధతిలో 9.5తో గుణిస్తే 61.75. ఆన్‌లైన్ ఫారం నింపేటప్పుడు తోచినట్టు 10తో గుణించేసే పిల్లలూ ఉన్నారు, వాళ్ల లెక్కలో 65. మనిషి ఒక్కడే, చదివిన చదువు ఒక్కటే, రాసిన పేపర్లు అవే. ఒక లెక్కలో గీతకు దిగువన, మరో లెక్కలో సరిగ్గా గీత మీద, ఇంకో లెక్కలో హాయిగా పైన. అందుకే 60 శాతం లేదా 6 సీజీపీఏ అని కంపెనీ రాస్తే, 6.3 ఉన్న జేఎన్‌టీయూ పిల్లాడికి అదో ధర్మసందేహం. యూనివర్సిటీ సూత్రంతో చూస్తే 58 శాతమే. కంపెనీ రాసిన రెండో మాట పట్టుకుంటే అర్హుడే. ఇలాంటప్పుడు సీజీపీఏను ఉన్నదున్నట్టు సీజీపీఏగానే నింపి, శాతం అడిగినచోట యూనివర్సిటీ సూత్రం వాడి, ఆ సూత్రం అచ్చువేసి ఉన్న మార్కుల మెమో దగ్గర పెట్టుకోవడం మంచిది. 10తో గుణించి రాసిన 63 తర్వాత ఎప్పుడో బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పట్టుబడితే, పొరపాటన్నా నమ్మేవాళ్లుండరు.

ఇస్రోకూ ఈ లెక్కల పిచ్చి తప్పలేదు. సైంటిస్టు, ఇంజనీరు పోస్టులకు ఫస్ట్ క్లాసుతో పాటు 65 శాతం లేదా 6.84 సీజీపీఏ అడుగుతుంది. 6.84 అనే వింత అంకె ఎక్కడిదా అనిపిస్తుంది. 65ను 9.5తో భాగిస్తే తెలుస్తుంది.

బ్యాక్‌లాగుల లోకం మరొకటి. పరీక్ష తప్పారని ఈ కాలేజీల్లో ఎవరూ అనరు. సబ్జెక్టు ఉండిపోయింది అంటారు, తాళం వేసిన ఇంట్లో ఏదో వస్తువు మర్చిపోయి వచ్చినట్టు. చాలామందికి ఆ ఉండిపోయేది మొదటి రెండేళ్ల లెక్కల పేపరే. సప్లీ రాసి గట్టెక్కుతారు, సీజీపీఏ కూడా సరిపోతుంది. అయినా కొన్ని కంపెనీలు ఇప్పుడు బ్యాక్‌లాగ్ ఉందా అని మాత్రమే అడుగుతాయి, కొన్ని ఎప్పుడైనా ఉందా అని అడుగుతాయి. మొదటిదాన్ని యాక్టివ్ బ్యాక్‌లాగ్ అంటారు, రెండోదాన్ని హిస్టరీ. ఈ రెండు మాటల తేడా తెలియక దరఖాస్తు మానేసినవాళ్లూ ఉన్నారు, అబద్ధం రాసి చిక్కుల్లో పడ్డవాళ్లూ ఉన్నారు. అమెరికాలో ఎమ్మెస్‌కు వెళ్లాలనుకుని దిల్‌సుఖ్‌నగర్‌లోనో, విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గరో కన్సల్టెన్సీ మెట్లెక్కితే, కుర్చీలో కూర్చోగానే అడిగేది కూడా ఇదే: పర్సంటేజ్ ఎంత, బ్యాక్‌లాగ్స్ ఎన్ని? అక్కడ చాలా విశ్వవిద్యాలయాలు 4కు 3 జీపీఏ ఆశిస్తాయి కాబట్టి, ఉద్యోగానికి అక్కరకు రాని గ్రేడ్లు కూడా ఎమ్మెస్ దగ్గర మళ్లీ లేచి కూర్చుంటాయి.

ఇక గూగుల్ కథ. మార్కులతో పనిలేదు, గూగులే చెప్పింది అన్న మాట వినని విద్యార్థి ఉండడు. దానికి మూలం 2013 జూన్‌లో న్యూయార్క్ టైమ్స్‌కు లాజ్లో బాక్ ఇచ్చిన ఇంటర్వ్యూ. అప్పుడాయన గూగుల్‌లో ఉద్యోగుల విభాగానికి పెద్ద. తమ ఉద్యోగుల వివరాలన్నీ జల్లెడ పడితే, కాలేజీ గ్రేడ్లకూ, పరీక్ష స్కోర్లకూ పనితీరుతో సంబంధం కనిపించలేదని, వాటిని చూసి ఉద్యోగమివ్వడం దండగని ఆయన చెప్పిన మాట నిజమే. కాకపోతే అదే ఊపులో ఇంకో ముక్క కూడా అన్నాడు. కాలేజీ నుంచి అప్పుడే బయటికొచ్చిన వాళ్ల విషయంలో మాత్రం కొద్దిపాటి సంబంధం ఉందని. మన వీడియోల్లో మొదటి ముక్క మిగిలింది, రెండోది జారిపోయింది. ఆ వీడియోలు చూసేవాళ్లలో నూటికి తొంభై మంది ఆ రెండో ముక్క కిందికే వస్తారు.

పరిశోధకులు చెప్పేదీ దీనికి దగ్గరగానే ఉంది. ఫిలిప్ రోత్, ఆయన సహచరులు 1996లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను ఒకచోట చేర్చి, గ్రేడ్లకూ పనితీరుకూ ముడి ఎంత గట్టిదో కొలిచారు. పూర్తి ముడి ఉంటే 1, అసలు లేకపోతే 0 అనుకుంటే, నేరుగా తేలింది 0.16. కొలతల్లోని లోపాలను సవరిస్తే 0.3 దాటింది. లేదని కొట్టిపారేయలేం, ఉందని గంతులూ వేయలేం. దీనికంటే పనికొచ్చే సంగతి ఇంకొకటి వాళ్లు గమనించారు. చదువు ముగిసి ఏళ్లు గడిచేకొద్దీ ఆ ముడి సడలిపోతుంది. మొదటి ఏడాది ఉద్యోగిని అంచనా వేయడానికి గ్రేడు కాస్తయినా పనికొస్తుంది, ఆరేడేళ్ల ఉద్యోగి విషయంలో దాని మాట చెల్లదు.

బ్రిటన్‌లో ఎర్న్‌స్ట్ అండ్ యంగ్ 2015లో ఒక అడుగు ముందుకేసి, కొత్తవాళ్ల దరఖాస్తుల్లో డిగ్రీ క్లాసు ఇంత ఉండాలన్న షరతే ఎత్తేసింది. మార్కుల బదులు సొంత ఆన్‌లైన్ పరీక్షలు పెట్టుకుంది. మన దేశంలో టీసీఎస్ కోడ్‌వీటా, హ్యాక్‌విత్‌ఇన్ఫీ లాంటి పోటీలు కూడా అటువైపు వేసిన అడుగులే. అక్కడ ఎవరి ప్రోగ్రాము నడిచిందన్నదే లెక్క.

సర్కారీ కొలువుల దగ్గరికి వచ్చేసరికి ఈ బొమ్మంతా తిరగబడుతుంది. సివిల్స్ లాంటి పెద్ద కొలువుకు మార్కులతో పనిలేదు, ఊళ్లో ఉత్తరాలు పంచే కొలువుకు మార్కులే సర్వస్వం.

సివిల్ సర్వీసులకు కావాల్సింది ఏదో ఒక డిగ్రీ, అంతే. అది ఏ క్లాసులో పాసయ్యారని యూపీఎస్సీ అడగదు. గ్రూప్-1 కూడా అంతే. శ్రీకాకుళం జిల్లా పలాస మండలం పారసంబ అనే పల్లెకు చెందిన రోణంకి గోపాలకృష్ణ ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ దూరవిద్యలో డిగ్రీ చేశారు. 2016 సివిల్స్‌లో తెలుగు సాహిత్యం ఐచ్ఛికంగా తీసుకుని దేశంలో మూడో ర్యాంకు తెచ్చుకున్నారు. పేరున్న కాలేజీ గడప తొక్కని మనిషికి ఆ వ్యవస్థలో అడ్డు పడిందేమీ లేదు, పరీక్ష ఒక్కటే ఎదురుగా నిలబడింది.

రిజర్వ్ బ్యాంక్ గ్రేడ్-బి ఆఫీసరు పోస్టుకు మాత్రం జనరల్ అభ్యర్థులకు డిగ్రీలో 60 శాతం కావాలి. ఎన్‌టీపీసీ లాంటి కొన్ని ప్రభుత్వ రంగ సంస్థలు గేట్ స్కోరు చూసి తీసుకుంటాయి, అయినా బీటెక్‌లో కనీసం 65 శాతం ఉండాలంటాయి, ఎస్సీ, ఎస్టీలకు 55. గేట్‌లో వందలోపు ర్యాంకు తెచ్చుకుని, బీటెక్ శాతం 63 దగ్గర ఆగినవాడి గతేమిటి? అలాంటి సంస్థల తలుపు అతనికి తెరుచుకోదు. దేశం మొత్తంతో పోటీపడి తెచ్చుకున్న ర్యాంకు కంటే, సొంత కాలేజీలో నాలుగేళ్ల క్రితం ఎవరో దిద్దిన పేపర్ల మాటే నెగ్గుతుంది. ఈ నిబంధనను సమర్థించడానికి ఒక్క గట్టి కారణమూ కనిపించదు.

బ్యాంకు ఉద్యోగాల నోటిఫికేషన్లలో ఐబీపీఎస్ ఒక వాక్యం రాస్తుంది. దశాంశాలు వదిలేస్తామని, 59.99 శాతాన్ని 60కి తక్కువగానే చూస్తామని. ఎవరో ఎప్పుడో 59.99తో వచ్చి అడిగి ఉంటారు, లేకపోతే అంత కచ్చితమైన అంకె నోటిఫికేషన్లోకి ఎందుకెక్కుతుంది?

అసలు సిసలు మార్కుల రాజ్యం మాత్రం తపాలా శాఖలో ఉంది. గ్రామీణ డాక్ సేవక్ పోస్టులకు రాత పరీక్ష లేదు, ఇంటర్వ్యూ లేదు. పదో తరగతి మార్కులే ఆధారం. 2024 జులైలో దేశమంతటా 44,228 పోస్టులకు ప్రకటన వచ్చినప్పుడు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సర్కిళ్లలో తెలుగు చదివిన పిల్లలంతా పదో తరగతి మెమోలు బయటికి తీశారు. శాతాన్ని నాలుగు దశాంశ స్థానాల దాకా లెక్కిస్తారు. డిగ్రీ ఉన్నా, పీజీ ఉన్నా అదనంగా ఒక్క మార్కు కలవదు. ఇరవయ్యెనిమిదేళ్ల ఎమ్మెస్సీ అభ్యర్థి పదిహేనేళ్ల వయసులో రాసిన సాంఘికశాస్త్రం పేపరు మీద ఆధారపడి కూర్చోవాలి.

దీనిలో మన రెండు రాష్ట్రాలకు సొంతమైన తిరకాసు ఒకటుంది. కొన్నేళ్లపాటు పదో తరగతి మెమోల మీద మార్కులు వేయకుండా గ్రేడు పాయింట్లే వేశారు. సబ్జెక్టులో 92 వచ్చినా 99 వచ్చినా 10 పాయింట్లే. ర్యాంకుల పిచ్చి తగ్గించాలని తెచ్చిన పద్ధతి అది, ఉద్దేశం మంచిదే. తపాలా శాఖ ఆ పాయింట్లను 9.5తో గుణిస్తుంది. అంటే 10కి 10 వచ్చిన పిల్లలందరూ కట్టగట్టుకుని 95 శాతం దగ్గర నిలబడతారు. నిజానికి 98 శాతం తెచ్చుకున్నవాళ్లు మూడు శాతం పోగొట్టుకుంటారు, 93 తెచ్చుకున్నవాళ్లకు రెండు శాతం ఊరికే వస్తాయి. అందరూ ఒకే అంకె దగ్గర ఆగితే ఎవరిని తీసుకోవాలి? వయసులో పెద్దవాళ్లకు ముందు అవకాశం ఇస్తారు. అలా పుట్టిన తేదీ ఉద్యోగాన్ని తేల్చిన సందర్భాలు ఈ గ్రేడ్ల పుణ్యమే. తెలంగాణ 2025 పరీక్షల నుంచి మళ్లీ మార్కులకు తిరిగొచ్చింది, ఆంధ్రప్రదేశ్ అంతకు ముందే వచ్చేసింది. మధ్యలో గ్రేడ్లతో బయటపడ్డ పిల్లలు మాత్రం ఆ 9.5ను వెంటబెట్టుకునే తిరుగుతారు.

నర్సింగు, ల్యాబ్ టెక్నీషియన్ చదివినవాళ్లకూ మార్కులు ఎన్నాళ్లయినా వదలవు. ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ కాంట్రాక్టు పోస్టుల నోటిఫికేషన్లలో 100 మార్కులకుగాను 75 అర్హత పరీక్షలో వచ్చిన మార్కుల నుంచే వస్తాయి. చదువు పూర్తయిన ఏడాదికి ఒక మార్కు చొప్పున 10 వరకు, అంతకుముందు చేసిన కాంట్రాక్టు సేవకు 15 వరకు కలుపుతారు. అందుకే జిల్లా వైద్యాధికారి కార్యాలయం గోడకు మెరిట్ లిస్టు అంటించిన రోజున నర్సు యూనిఫాంలోనే వచ్చి, వేలితో గీత గీస్తూ పేరు వెతుక్కునే వాళ్లు కనిపిస్తారు. జీఎన్‌ఎం మార్కుల మెమోను లామినేషన్ చేయించి బీరువాలో దాచుకోవడం ఈ వృత్తిలో అలవాటు.

ప్రైవేటు రంగంలో మెమోకు ఆ వైభోగం ఎక్కువ కాలం దక్కదు. రెజ్యూమెలను వరుసగా పరిచి చూస్తే మార్కుల ప్రయాణం కళ్లకు కడుతుంది. చదువు ముగిసిన ఏడాది రాసిన రెజ్యూమెలో పేరు, ఫోన్ నంబరు కిందే ఒక పట్టిక ఉంటుంది: పది, ఇంటర్, బీటెక్, బోర్డు, సంవత్సరం, శాతం. రెండేళ్ల అనుభవం వచ్చేసరికి ఆ పట్టిక రెండో పేజీకి జారుతుంది, పైన ప్రాజెక్టులు చేరతాయి. అయిదేళ్లకు శాతం కాలమ్ పోయి, యూనివర్సిటీ పేరు ఒక్కటే ఒక లైనుగా మిగులుతుంది. ఆ దశలో ఇంటర్వ్యూ చేసేవాళ్లు అడిగేది నోటీస్ పీరియడ్ ఎన్నాళ్లని, ఇప్పుడు ఎంతొస్తోందని.

ఇక గీత దాటలేనివాళ్లకు హైదరాబాద్‌లో అమీర్‌పేట అనే మరో విశ్వవిద్యాలయం ఉంది. మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో, జిరాక్స్ షాపుల పైన, కరెంటు తీగల మధ్య వేలాడే బోర్డుల్లో జావా, టెస్టింగ్, డెవాప్స్, సేల్స్‌ఫోర్స్ అని కనిపిస్తాయి. 60 దాటనివాళ్లు, దాటినా క్యాంపస్‌లో దొరకనివాళ్లు ఊళ్ల నుంచి బస్సెక్కి వచ్చి, హాస్టల్లో మంచం అద్దెకు తీసుకుని మూడు నాలుగు నెలలు అక్కడే ఉంటారు. పొద్దున 7 గంటల బ్యాచికి మెట్ల మీద క్యూ కట్టేవాళ్ల శాతాలు ఎవరూ అడగరు. అక్కడ నేర్చుకుని అమెరికా దాకా వెళ్లినవాళ్లు మన ఊళ్లలో కొల్లలు. లేని అనుభవాన్ని కాగితం మీద సృష్టించి అమ్మే దుకాణాలు కూడా అదే సందుల్లో పుట్టాయి. మార్కుల గీత దాటలేనివాడి తొందరే ఆ దుకాణాలకు పెట్టుబడి.

గీత దాటినవాళ్లకు కూడా అక్కడితో అయిపోదు. ఇన్ఫోసిస్ 2025 ఫిబ్రవరిలో మైసూరు క్యాంపస్‌లో శిక్షణ పొందుతున్న మూడు వందల మందికి పైగా కొత్తవాళ్లను పంపేసింది. సంస్థ అంతర్గత పరీక్షల్లో మూడు అవకాశాలిచ్చినా పాస్ కాలేదన్నది దాని వివరణ. ఆ సంఘటన మీద వాదోపవాదాలు చాలా నడిచాయి. వాళ్లంతా కాలేజీ మార్కుల గీతనూ, కంపెనీ ప్రవేశ పరీక్షనూ దాటి వచ్చినవాళ్లే.

మార్కులు చూడటం మానేస్తే న్యాయం జరుగుతుందని అనుకునేవాళ్లు ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి. మార్కుల బదులు ఏం చూస్తారు? ఐఐటీల్లో, ఎన్‌ఐటీల్లో ప్లేస్‌మెంట్లకు వచ్చే కొన్ని పెద్ద కంపెనీలు జిల్లా కేంద్రాల్లోని కాలేజీల గేటు దాకా రావు. అంటే విద్యార్థి మార్కుల కంటే ముందే కాలేజీ పేరుకు మార్కులు పడిపోయాయి. ఇంకొన్నిచోట్ల లోపల పనిచేసేవాళ్ల రిఫరల్ కావాలి. బాబాయో, అక్క భర్తో గచ్చిబౌలిలో ఉన్న ఇంటికి అది దొరుకుతుంది, కూలి పనికి వెళ్లే తల్లిదండ్రుల కొడుక్కి దొరకదు. ఇంటర్వ్యూలో గడగడా మాట్లాడే ఇంగ్లిషు చూస్తారా? అదీ చిన్నప్పుడు చదివిన స్కూలు ఫీజుతో వచ్చేదే. వీటన్నిటి పక్కన నిలబెట్టి చూస్తే మార్కుల మెమో అంత చెడ్డదేమీ కాదు. జోగులాంబ గద్వాల నుంచో, పాడేరు నుంచో వచ్చిన పిల్ల తన తరఫున సాక్ష్యం చెప్పడానికి చేతిలో పట్టుకోగలిగిన కాగితం అదొక్కటే. ఆ కాగితాన్ని చూసి లోపలికి పిలిస్తే తప్పులేదు. అది చూసి బయటే నిలబెట్టడం దగ్గరే పేచీ.

ఇవన్నీ తెలిసినా ఎక్కువమంది విద్యార్థులు పొరబడేది ఒకచోట ఉంది, అది కాలెండరు. నాలుగో ఏడాదిలో కష్టపడి శాతం పెంచుకుందామని అనుకుంటారు. చివరి సెమిస్టర్‌లో ప్రాజెక్టుకు క్రెడిట్లు దండిగా ఉంటాయి, గ్రేడూ బాగానే వేస్తారు కాబట్టి ఆ ఆశ అర్థం లేనిదేమీ కాదు. కానీ క్యాంపస్ డ్రైవులు 4-1 మొదలవగానే వచ్చేస్తాయి. అప్పటికి చేతిలో ఉండేది 3-2 వరకు వచ్చిన ఆరు సెమిస్టర్ల లెక్కే. హాస్టల్లో కొత్త, ఇంగ్లిషు మీడియం కొత్త, లెక్కల మాస్టారు చెప్పేది సగం అర్థం కాని 1-1 సెమిస్టర్ గ్రేడుకూ, అన్నీ అలవాటైన 3-2 గ్రేడుకూ ఆ లెక్కలో దాదాపు సమాన బరువు. చివరి ఏడాది తెచ్చుకునే గ్రేడ్లు ఎమ్మెస్‌కు పనికొస్తాయి, ప్రభుత్వ నోటిఫికేషన్లకు పనికొస్తాయి, క్యాంపస్‌కు రావు.

అందుకని ఈ లెక్క రెండో ఏడాది చివర్లోనే వేసుకోవాల్సినది. 2-2 ఫలితాలు వచ్చిన రాత్రి ఒక విద్యార్థి ఫోన్‌లో కాలిక్యులేటర్ తీస్తాడనుకుందాం. నాలుగు సెమిస్టర్లకు కలిపి 6.2 ఉంది. సెమిస్టర్లన్నిటికీ క్రెడిట్లు సమానమనుకుంటే ఇప్పటిదాకా పోగైనవి 24.8. జేఎన్‌టీయూ హైదరాబాద్ లెక్కలో 60 శాతం అంటే 6.5, ఆరు సెమిస్టర్లకు 39 కావాలి. మిగిలింది 14.2. అంటే 3-1లో ఒక 7.1, 3-2లో ఒక 7.1. ఆ పద్ధతిలో పేపరుకు 60 మార్కులొస్తే 7 పాయింట్లు, 70 వస్తే 8. సెమిస్టర్‌కు ఒక్క పేపర్లో 70 దాటి, తక్కిన వాటిలో 60కి తగ్గకుండా చూసుకుంటే సరిపోతుంది. ఉండిపోయిన లెక్కల పేపరు ఎం-టూ మాత్రం ఈ నవంబరు సప్లీలోనే తీసేయాలి.